ఇంటి క్రింది అర

ఇల్లు అనగానే గోడలు, కప్పు, గుమ్మము, పెరడు మన కన్నులకు గట్టును. ఇంటి నేలక్రింద ఏమున్నదని ఎవ్వరును అడుగరు. మన దేశమున నడుగవలసిన పనియు అంతగా లేదు. తెలుగునాట ఇల్లు కట్టువారు పునాది త్రవ్వి, రాతితోనో ఇటుకతోనో పీఠము లేపి, దాని నడుమ మట్టియు ఇసుకయు నింపి, నీరు పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, పైని బండలో గచ్చో పరతురు. కావున మన కాళ్లక్రింద నుండునది గట్టినేల. పిల్లలెంత గెంతినను అది చలింపదు. రోటిలో పచ్చడి నూరినను అది కదలదు.

కాని లోకమందలి యిండ్లన్నియు ఇట్టివి కావు. అస్సాములో బ్రహ్మపుత్ర తీరమున నివసించు మిసింగు ప్రజలు వరదలకు వెఱచి వెదురు గుంజలపై ఇండ్లు కట్టుకొందురు. వానిని ‘చాంగ్ ఘర్’ అందురు. ఇంటి క్రింది చోటున కోళ్లు తిరుగును, పందులు పడుకొనును. జపాను దేశమున నారా పట్టణమునందు షోసోయిన్ అను పురాతన భాండాగారము కలదు. అది ఎనిమిదవ శతాబ్దమున దుంగలతో కట్టబడినది. దాని నేల భూమికి సుమారు 2.7 మీటర్ల యెత్తున బలిసిన స్తంభములపై నిలిచియున్నది. ఆ కొయ్యకట్టడము పన్నెండు వందల యేండ్లకు పైగా చెడక నిలుచుటకు క్రిందినుండి తేమ తగులకుండుటయు నొక కారణము.

ఇట్లు మనుష్యుడు నిలిచి తిరుగగల యెత్తున ఇల్లు లేపినచో చిక్కు లేదు. చిక్కంతయు రెండు మూడడుగుల యెత్తు మాత్రమే లేపి, చుట్టును గోడతో మూసివేసినప్పుడు కలుగును. అమెరికా దేశపు దక్షిణ భాగములందలి కొయ్యయిండ్లు అనేకము లిట్టివే. ఆ చోటును వారు ‘క్రాల్ స్పేస్’ అందురు. ప్రాకుచు పోవలసిన చోటని దాని యర్థము. మనము దానిని ‘క్రింది అర’ యని పిలిచికొందము.

ఉత్తర కెరొలినా రాష్ట్రమున రాలీ పట్టణపు చుట్టుప్రక్కల మన తెలుగువారు పెక్కుమంది నివసించుచున్నారు. అచ్చటనే నా మేనల్లుడొకడు ఇరువది యేండ్లనాటి పాతయిల్లు కొనుక్కొని కాపురముండెను. ఒక వేసవిలో నేను వానియింటికి పోయినప్పుడు వంటగదిలో నీళ్లతొట్టి ముందర నిలుచుండగా కాలిక్రింద నేల మెత్తగా దిగినట్లు తోచెను. మరల అడుగు వేసి చూచితిని. తడిసిన అట్టపై నడచినట్లుండెను. వానిని పిలిచి చూపగా వాడు తెల్లబోయి, “మామయ్యా, నేను క్రింది అరను నిర్లక్ష్యము చేయలేదు. ప్రతి వసంతమునను గాలిరంధ్రము లన్నియు తెరచుచున్నాను; చలికాలము రాగానే మూయుచున్నాను. ఇల్లమ్మినవారు అట్లే చేయుమని చెప్పిరి,” అనెను.

వాడు చెప్పినది నిజము. తప్పక చేయుచుండెను కనుకనే ఇంటికి ముప్పు వచ్చెను. అదెట్లో తెలియవలెనన్నచో ఆ యింటి నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను.

చలి యెక్కువగానుండు ఉత్తర ప్రాంతములలో శీతకాలమున నేల కొన్ని యడుగుల లోతువరకు గడ్డకట్టును. గడ్డకట్టిన మన్ను ఉబ్బి పునాదిని పైకెత్తును. అందుచేత వారు పునాదిని ఆ లోతునకు దింపక తప్పదు. ఎట్లును త్రవ్వితిమి గదా యని ఇంకొంచెము త్రవ్వి నేలమాళిగ కట్టుకొందురు. దక్షిణమున అంత లోతు గడ్డకట్టదు. లోతుగా త్రవ్వుట వ్యర్థవ్యయము. భూమియు పలుచోట్ల ఏటవాలుగా నుండును. కావున చుట్టును పొట్టిగోడ కట్టి, లోపల అచ్చటచ్చట ఇటుకదిమ్మెలు లేపి, వానిపై దూలములు, దూలములపై చెక్కబల్లలు పరచి ఇల్లు నిలుపుదురు. నీటిగొట్టములు, మురుగుగొట్టములు, విద్యుత్తీగలు, ఇల్లు చల్లబరచు గాలిగొట్టములు అన్నియు ఆ క్రింది అరలోనే పోవుచుండును. మరమ్మతు వచ్చినప్పుడు మనిషి ప్రాకిపోయి చేయుటకు వీలగును. ఇది మంచి సదుపాయమే. కాని క్రింద పచ్చినేల, పైన కొయ్య, నడుమ చీకటి. కొయ్యకును నేలకును ఇంత సమీపమున కాపురము పెట్టుట ప్రమాదకరము.

కొయ్య చెడిపోవుట దానంతటది జరుగదు. శిలీంధ్రములను సూక్ష్మజీవులు దానిని తినును. మన పెరటిలో వానకు తడిసిన మొద్దుపై మొలచు కుక్కగొడుగులు వాని బంధువులే. వానికి గాలియు, వెచ్చదనమును, ఆహారమును, నీరును కావలెను. మొదటి మూడును ఇంటిక్రింద ఎల్లప్పుడు నుండును. వానిని మనము తీసివేయజాలము. నాలుగవదియగు నీటిని మాత్రము అదుపులో నుంచగలము. ఎండిన కొయ్య బరువులో నీటిబరువు నూటికి 20 పాళ్లకు లోబడి యున్నంతకాలము శిలీంధ్రము పెరుగజాలదు. అది 28, 30 పాళ్లకు చేరినచో కొయ్యలోని నారలన్నియు నీటితో నిండిపోవును. అటుపిమ్మట కుళ్లుట తథ్యము. కొయ్యలో రెండు సూదులు గ్రుచ్చి తేమను లెక్కించు చిన్న పరికరము బజారున దొరకును. నా మేనల్లుని వంటగది క్రింది దూలమున అది 31 చూపెను.

ఇంతనీరు ఎచ్చటినుండి వచ్చినది? నీళ్లతొట్టి గొట్టము కారుచున్నదేమో యని మొదట అనుకొంటిమి. చూడగా గొట్టము పొడిగానే యుండెను. నీరు గాలిలోనుండి వచ్చినది.

పూర్వము అమెరికాలో ఇండ్లు కట్టువారి నమ్మకమొకటి కలదు. గాలి తగిలినచో తడి యారును. కావున క్రింది అర గోడలకు రంధ్రములు పెట్టి గాలి యాడనిచ్చినచో చాలునని వారు తలచిరి. 1942వ సంవత్సరమున గృహఋణములకు పూచీ వహించు అచ్చటి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కనీస నియమములను ప్రకటించి, ఇట్టి రంధ్రములను కోరెను. ప్రతి 150 చదరపుటడుగుల నేలకు ఒక చదరపుటడుగు రంధ్ర ముండవలెనను సూత్రము తరువాత దేశమంతట పాకెను. నేడును అది నియమావళిలో కనబడును. ఆ నమ్మకము మనకు వింతగా తోచదు. మనమును తడిబట్టను గాలిలోనే గదా ఆరవేయుదుము!

అయితే ఏ గాలి? ఇది ప్రశ్న. గాలిలో కనబడని నీటియావిరి యుండును. వేడిగాలి యెక్కువ యావిరిని మోయగలదు, చల్లగాలి మోయలేదు. వేసవిలో కూజానుండి చల్లని నీరు ఇత్తడిచెంబులో పోసి పెట్టినచో చెంబు బయట చెమర్చుటను మీరు చూచియుందురు. ఆ నీరు చెంబులోనుండి ఊరినది కాదు. చెంబు చుట్టునున్న గాలి చల్లబడి, తాను మోయజాలని భారమును అచ్చట దించివేసినది. రాలీలో వేసవి మధ్యాహ్నము గాలి 32 డిగ్రీల వేడియు నూటికి 70 పాళ్ల తేమయు కలదనుకొందము. అట్టిగాలి ఘనపు మీటరునకు సుమారు 24 గ్రాముల నీటిని మోయుచుండును. అదే గాలి రంధ్రములగుండా క్రింది అరలో ప్రవేశించి, నేలచల్లదనముచే 22 డిగ్రీలకు దిగినచో 19 గ్రాములకు మించి మోయలేదు. మిగిలిన నాలుగైదు గ్రాములు దూలములపైనను, చల్లని గాలిగొట్టములపైనను బిందువులుగా చేరును. ఎంత గాలి యాడిన అంత నీరు! తడి యార్చుటకై పెట్టిన రంధ్రములే తడిని మోసికొనివచ్చెను. మా వంటగది క్రింద గాలిగొట్టపు అతుకొకటి ఊడి, చల్లగాలి సూటిగా దూలమునకు తగులుచుండెను. అందుచే తక్కిన దూలములకంటె అది ముందుగా చెమర్చి, ముందుగా కుళ్లెను.

ఈ సంగతి తేల్చుటకు జరిగిన పరిశోధనలలో ఒకదానిని గూర్చి చెప్పవలెను. ఉత్తర కెరొలినాలోనే ప్రిన్స్‌విల్ అను చిన్న యూరు కలదు. బానిసత్వమునుండి విముక్తులైన నల్లజాతివారు దానిని స్థాపించుకొనిరి; 1885లో అది పట్టణముగా గుర్తింపు పొందెను. 1999 సెప్టెంబరులో ఫ్లాయిడ్ అను తుపాను వచ్చినప్పుడు టార్ నది పొంగి ఆ యూరిని ముంచివేసెను. ప్రజలు ఊరు విడువక, మరల ఇండ్లు కట్టుకొనిరి. అట్లు క్రొత్తగా లేచిన ఇండ్లలో ఒకేరీతిగనున్న పన్నెండింటిని ‘అడ్వాన్స్‌డ్ ఎనర్జీ’ యను సంస్థవారు ఎన్నుకొనిరి. కొన్నింటికి పాతపద్ధతిలో రంధ్రము లుంచిరి. తక్కినవాని రంధ్రములను మూసి, నేలనంతయు ప్లాస్టిక్ పట్టాతో కప్పి, అంచులు గోడకు అంటించిరి. ఇట్లుచేసి, నెలల తరబడి తేమను లెక్కించిరి. వేసవిలో రంధ్రములున్న అరలు తడితడిగా నుండగా, మూసిన అరలు పొడిగా నిలిచెను. అంతేకాక, మూసిన అరలుగల ఇండ్లలో చల్లబరచుటకును వెచ్చబరచుటకును అగు విద్యుచ్ఛక్తి నూటికి 15 పాళ్ల మేరకు తగ్గెను. ఇండ్లు కోల్పోయి అప్పులపాలైన ప్రజలకు ఆ పదునైదు పాళ్లు చిన్న మొత్తము కాదు. ఆ యూరిని 2016లో మాథ్యూ తుపాను మరల ముంచెను. వరద వచ్చు తావులలో మూసిన అరకైనను క్రిందిభాగమున వరదనీరు ప్రవేశించి వెడలుటకు ద్వారము లుండితీరవలెను. లేనిచో బయటి నీటి యొత్తిడి గోడను కూల్చివేయును.

నేలపై పట్టా యెందుకని మీ రడుగవచ్చును. దీనికొక ప్రయోగము చేసి చూడుడు. మీ పెరటిలో పైకి పొడిగా కనబడు మట్టిపై సాయంకాలమున ఒక ప్లాస్టిక్ కాగితము పరచి, అంచులపై రాళ్లుంచి, ఉదయమున ఎత్తి చూడుడు. దాని యడుగున నీటిబొట్లు నిలిచియుండును. భూమి రేయింబవళ్లు ఆవిరిని వదలుచునే యుండును. క్రింది అరలో ఆ యావిరికి కొయ్య తప్ప వేరుదిక్కు లేదు. కావున ఆరవవంతు మిల్లీమీటరు దళమునకు తగ్గని పాలిథీన్ పట్టాను నేలంతటను పరచి, ఒకదాని యంచు మరియొకదానిపై ఒక యడుగు వచ్చునట్లు కప్పి, అతుకులు అంటించి, దిమ్మెల చుట్టును బిగింపవలెను. రంధ్రములు మూయక పట్టా మాత్రము వేసినను కొంత మేలు కలుగును. పట్టా వేయక రంధ్రములు మాత్రము మూసినచో మొదటికే మోసము. మూసిన అరలో తేమను లాగు చిన్నయంత్రమొకటి పెట్టుటయు మంచిది.

పట్టా వేయుటకు ముందు చేయవలసిన పని ఇంటివెలుపల నున్నది. నూరు చదరపు మీటర్ల కప్పుపై 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో రెండువేల ఐదువందల లీటర్ల నీరు క్రిందికి దిగును. ఇంత నీరు పునాది మొదటనే పడినచో ఏ పట్టాయు నిలువదు. కప్పునీటిని పట్టు దోనెలలో ఆకులు నిండకుండ ఏటికి రెండుసార్లు తీయవలెను. దోనెనీటిని గొట్టములద్వారా గోడకు దూరముగా విడువవలెను. ఇంటిచుట్టును నేల పది యడుగుల దూరమున ఆరంగుళములైన పల్లమునకు దిగవలెను. మన పల్లెలలో చూరునీరు గోడమొదట పడకుండ అరుగులు వెడల్పుగా కట్టి, వాకిటిని వీధివైపునకు వాలుగా చదును చేయు పెద్దలు ఈ లెక్క నెరుగకయే దాని నాచరించిరి.

రెండవ శత్రువు చెదపురుగు. దానిని మీకు పరిచయము చేయనక్కరలేదు. మీ యింటి పాతపుస్తకముల పెట్టెయే చెప్పును. అమెరికా తూర్పుభాగపు చెదపురుగు నేలలో కాపురముండును. దానికి తేమ లేనిదే బ్రతుకు లేదు. అందుచే వెలుగులోనికి రాక, పునాదిగోడమీదను దిమ్మెలమీదను పెన్సిలు లావున మట్టిగొట్టములు కట్టుకొనుచు, వానిలోపలనే నడచి కొయ్యను చేరును. ఆ గొట్టమే మనకు గుర్తు. గోడపై నొక సన్నని మట్టిగీత కనబడినచో దానిని కొంచెము విరిచి, కొన్నాళ్లకు మరల చూడవలెను. అతికియున్నచో లోపల సంచార మున్నదన్నమాట. గోడకు చలిని ఆపు పలకలు బిగించువారు పైభాగమున కొన్ని యంగుళముల గోడను కప్పక విడుతురు. ఆ ఖాళీ మట్టిగీతను పట్టుటకే. వసంతమున రెక్కలపురుగులు గుంపులుగా లేచినను, కిటికీల యొద్ద రాలిన రెక్కలు కనబడినను చెదను నివారించు పనివానిని పిలువవలెను. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కొయ్యముక్కలను అరలో విడుచుట చెదకు విందు పెట్టుటయే. మా మేనల్లుని యింటిక్రింద అట్టివి రెండు గోతాములు దొరకెను. కట్టినవారు ఏరివేయుటకు ఒక పూట పట్టియుండును.

క్రింది అరలోని గాలి అచ్చటనే యుండునని తలపరాదు. చలికాలమున ఇంటిలోని వెచ్చనిగాలి పైకి లేచి, కప్పు సందులగుండా వెడలిపోవును. దాని తావును నింపుటకు క్రిందిగాలి నేలసందులగుండా పైకి వచ్చును. దానితో బూజు వాసనయు, కంటికి కనబడని బూజురేణువులును వచ్చును. ఉబ్బసమున్న పిల్లలు గల యింట ఇది సామాన్యవిషయము కాదు. కొన్ని తావులలో రేడాను అను వాయువును భూమినుండి వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రాతిలోని యురేనియము క్రమముగా క్షయించుటచే పుట్టును. అమెరికాలో ఊపిరితిత్తుల పుట్టకురుపునకు పొగాకు తరువాతి కారణముగా దానిని లెక్కింతురు. దానిని కొలుచు సాధనము చవుకైనదే. అర మూసిన తరువాత తప్పక కొలిపింపవలెను.

ఇక లోపలికి పోవు విధమును చెప్పెదను. తలుపు తెరచి వెంటనే దూరరాదు. మొదట దీపము వేసి చూడవలెను. ఆ ప్రాంతమున కాపర్‌హెడ్ అను విషసర్పమును, నల్లని విషపు సాలెపురుగును అట్టి చల్లని చీకటిని కోరును. లోపల నీరు నిలిచియున్నచో విద్యుత్తును ఆపక అడుగు పెట్టరాదు. మోకాళ్లకు మెత్తలు, చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డకాక మంచి ముసుగు ఉండవలెను. ఎలుకల మలమును పొడిగా ఊడ్వరాదు. ఆ దుమ్ములో ప్రాణాంతకమైన హాంటా వైరసు ఉండవచ్చును. క్రిమినాశక ద్రవముతో తడిపి తుడిచి తీయవలెను. లోపలికి పోవువా డొక్కడే పోరాదు. బయట మరియొకడు నిలిచి పలుకరించుచుండవలెను. ఆ పని నాకు వచ్చినది. మేనల్లుడు లోపల ప్రాకుచుండగా నేను తలుపు వద్ద పీటవేసికొని కూర్చుండి, ఐదు నిమిషముల కొకసారి “ఒరే, ఉన్నావా?” అని కేకవేయుచుంటిని. వాడు లోపలినుండి “ఉన్నాను మామయ్యా, ఇచ్చట నీ పడకగది క్రింద నున్నాను,” అని పలుకుచుండెను. మన గదిక్రిందనుండి మనిషి గొంతు వినుట విచిత్రముగా నుండును.

కుళ్లిన దూలమునకు ప్రక్కగా క్రొత్తదూలము చేర్చి బిగించుటకు వడ్రంగికి రెండు దినములు పట్టెను. మెత్తబడిన బల్లలను కోసి తీసిరి. వాని నడుమ చేయి పెట్టగా కొయ్య గోధుమరంగు ఘనములుగా విరిగి, వ్రేళ్లనడుమ పొడి యయ్యెను. ఊడిన గాలిగొట్టమును అతికించిరి. రంధ్రములు మూసి, తెల్లని పట్టా పరచిరి. ఖర్చు చాల అయ్యెను. వాని భార్య ఆ సంవత్సరము స్వదేశమునకు వచ్చు ప్రయాణమును మానుకొనెను.

ఆనాటినుండి వాడు నెలకొకసారి లోపలికి పోయి, అదే దూలమున సూదులు గ్రుచ్చి చూచును. తేదియు అంకెయు పెన్సిలుతో దూలముమీదనే వ్రాయును. మొదటి వ్రాత 31. ఏడాది గడచిన తరువాత నేను మరల పోయినప్పుడు తలుపునుండి దీపము వేసి చదివితిని: 26, 22, 19, 17, 14. చివరి అంకె క్రింద వాని చిన్నకుమార్తె తన పేరు వ్రాసికొనియుండెను. ముసుగు పెట్టుకొని తండ్రివెంట ప్రాకిపోయినదట.